నవ్విన వాళ్ళ పేర్లు

ఒమన్ దేశంలో సమాయిల్ అనే ఊళ్ళో నేను చూసుకున్న ముసలాయన గదిలో రెండు యంత్రాలుండేవి. ఒకటి గాలిలోంచి ఆక్సిజన్ తీసి సన్నని ట్యూబులోకి పంపేది. పగలూ రాత్రీ గుర్రుమంటూ నడుస్తూనే ఉండేది. రెండోది ఆయన మాటలు రికార్డు చేసేది. మొదటిదాన్ని ఆపితే గానీ రెండోది పనికిరాదు, ఎందుకంటే ఆ గుర్రు మైకులో పడుతుంది. ఆపితే ఆయనకి ఊపిరి అందదు. ఈ విషయం మీద మా ఇద్దరికీ రోజూ వాదనే. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఆయనకి మొండితనం ఒళ్ళంతా ఉంటుంది, కాబట్టి గొడవలకి లోటుండేది కాదు.

ఇది రెండువేల పదిహేను, పదహారు నాటి మాట. నాది నర్సాపురం దగ్గర. మిషన్ ఆసుపత్రిలో నర్సింగ్ నేర్చుకుని ఒమన్ వచ్చి, రుస్తాఖ్‌లో అక్కడి ఆసుపత్రిలో చాలా ఏళ్ళు డ్యూటీ చేశాను. ఒమనీ అమ్మాయిలు చదువుకుని నర్సులుగా వస్తున్నకొద్దీ మా కాంట్రాక్టులు ఒక్కొక్కటే ముగిశాయి. అందులో తప్పు పట్టడానికేం లేదు. వాళ్ళ దేశం, వాళ్ళ ఉద్యోగాలు. అయినా ఆసుపత్రి గేటు దాటి వచ్చిన రోజు నాకు చాలా కష్టమనిపించింది. ఇంటికి వెళ్ళిపోవడానికి మనసొప్పక, సమాయిల్లో ఒక ఇంగ్లీషాయన్ని ఇంట్లోనే ఉండి చూసుకునే పనికి ఒప్పుకున్నాను.

ఆయన ఒకప్పుడు ఫలజ్‌లు బాగుచేయించే ఇంజనీరు. ఫలజ్ అంటే కొండ అడుగు నుంచి ఊళ్ళోకి నీళ్ళు తెచ్చే పాతకాలపు కాలువ. ఆ రోజుల్లో ఆయన కింద పనిచేసిన ఒమనీ ఒకాయన ఇప్పుడు పెద్ద ఖర్జూరం తోటకి యజమాని. పనివాళ్ళందరూ ఆయన్ని అర్బాబ్ అనేవాళ్ళు. పెళ్ళీ పిల్లలూ లేని తన పాత ఆఫీసర్ని తోటలోనే ఒక ఇంట్లో ఉంచి, సొంత బాబాయిని చూసుకున్నట్టు చూసుకునేవాడు. మా ముసలాయన్ని నేను సర్ అనేదాన్ని. సర్ ఊపిరితిత్తులు బాగా పాడైపోయాయి, విమానం ఎక్కే స్థితి దాటిపోయింది. ఇక ఇంగ్లండు మొహం చూసేది లేదని ఆయనకీ తెలుసు.

రికార్డింగ్ గోల ఏమిటంటే, ఆయనకి ఇంగ్లండులో చిన్ననాటి స్నేహితుడొకాయన ఉండేవారు. ఒకే వీధిలో పుట్టి ఒకే బడికి వెళ్ళినవాళ్ళు. ముసలితనంలో ఇద్దరూ కలిసి ఒక పాడ్‌కాస్ట్ మొదలుపెట్టారు. ఇద్దరు కూర్చుని ఇష్టమైన విషయం మాట్లాడుకుని ఇంటర్నెట్‌లో పెడతారు, కావలసినవాళ్ళు వింటారు, అంతే. వీళ్ళ విషయం, తమ చిన్నప్పుడు లండన్ రేడియోలో వచ్చిన హాస్య నాటికలు. ఏ నాటికలో ఎవరు ఎన్ని గొంతులు మార్చారు, తలుపు కిర్రుమన్న చప్పుడు దేనితో చేశారు, ఏ మాట దగ్గర ఎంతసేపు ఆగారు, ఇలాంటివి గంటల తరబడి మాట్లాడుకునేవారు. ఒమన్‌లో అప్పట్లో ఇంటర్నెట్ మీద కాల్స్ పనిచేసేవి కావు. అందుకని ప్రతి ఆదివారం మామూలు ఫోన్లోనే మాట్లాడుకుంటూ, ఎవరి గొంతు వాళ్ళు తమ దగ్గరున్న రికార్డర్లోకి ఎక్కించుకునేవారు. తరవాత సర్ తన సగం పంపితే, స్నేహితుడు రెండు సగాలూ కలిపి అతికేవారు. నాకు ఎప్పుడూ ఒక సగమే వినపడేది. ఈయన ఒక్కరే కూర్చుని ఫోన్‌ పట్టుకుని నవ్వుతుంటే, కొత్తలో నాకు భయం వేసింది కూడా.

ఆ నాటికలన్నీ హాల్లో జనాన్ని కూర్చోబెట్టి వాళ్ళ ముందే ఆడి రికార్డు చేసేవారట. అందులో వినపడే నవ్వులు నిజం నవ్వులు. ఒక పాత రికార్డింగులో ఒకావిడ నవ్వు మాత్రం అందరి నవ్వూ అయిపోయాక, కోడిపెట్ట గుడ్డు పెట్టినప్పటి అరుపులాగా, విడిగా వస్తుంది. ఆవిడెవరో, ఏ వీధిలో ఉండేదో, ఆ సాయంత్రం ఎవరితో వచ్చిందో తెలుసుకోవాలని స్నేహితుడి కోరిక. నవ్విన వాళ్ళందరూ ఈపాటికి పోయి ఉంటారని, ఒక్కళ్ళ పేరూ ఎక్కడా లేదని ఆయన బాధపడేవారు. దాని మీదే ఇద్దరూ ఒక ఎపిసోడ్ చేశారు. సర్ నన్ను కూర్చోబెట్టి అది వినిపిస్తే నాకు ఒళ్ళు మండింది. మందులు వేసుకునే టైముకి వేసుకోరు, ఎప్పుడో పోయిన ఎవరిదో నవ్వు గురించి గంటసేపు మాట్లాడతారు అని మొహం మీదే అన్నాను. ఆయన నన్ను తన శ్రోతల్లోకెల్లా కఠినమైన శ్రోత అని తన సగంలో రికార్డు చేసి పంపారు.

ఆ ఏడు చలికాలం మొదట్లో స్నేహితుడికి కాన్సర్ బాగా ముదిరిందని తెలిసింది. డాక్టర్లు ఇక చేసేదేమీ లేదని ఇంటికి పంపేశారు. కూతురు దగ్గరుండి చూసుకుంటోంది. ఆదివారం ఫోన్లు మానలేదు, కానీ పొట్టివైపోయాయి. వాళ్ళిద్దరి మధ్య ఎప్పటినుంచో ఒక వాదం ఉండేది. మనిద్దరం పోతే ఈ నాటికలకి నవ్వేవాళ్ళు ఎవరూ మిగలరని స్నేహితుడు అనేవారు, అదేం కాదని సర్ అనేవారు. ఇన్నాళ్ళూ అది వేళాకోళం. ఒక ఆదివారం ఆయన అదే మాట నెమ్మదిగా, వాదించే ఓపిక లేకుండా అన్నారట. ఫోన్ పెట్టేశాక సర్ మధ్యాహ్నం భోజనం ముట్టలేదు.

సాయంత్రం నన్ను పిలిచి తన ఆలోచన చెప్పారు. ఆ నాటికలు ఎన్నడూ వినని మనుషుల్ని కూర్చోబెట్టి, వాళ్ళ ముందు ఒక నాటిక చదవాలి. వాళ్ళు నవ్వాలి. ఆ నవ్వు స్నేహితుడు బతికుండగా వినాలి. నవ్వినట్టు నటించడం మాత్రం పనికిరాదు, దొంగ నవ్వు ఆయన ఇట్టే పట్టేస్తారు. ఇంతకీ ఆ మనుషులు ఎవరంటే, ప్రతి శుక్రవారం నేను ప్రార్థనకి వెళ్ళే మా తెలుగువాళ్ళు.

నాకు కోపం వచ్చింది. చావు దగ్గరపడిన మనిషికి కావలసింది ప్రార్థన, ఓదార్పు, దగ్గర కూర్చుని ఒక కీర్తన చదివే మనిషి. వేళాకోళాలు కాదు. నేను ఎన్ని పడకల పక్కన నిలబడ్డానో ఆయనకి తెలియదు. ఈ మాటలన్నీ దాచుకోకుండా అనేశాను.

ఆయన అంతా విని, కాసేపు ఊపిరి కూడదీసుకుని, “మీకు పాటలున్నాయి సిస్టర్. వాడికీ నాకూ ఉన్నది ఇదే,” అన్నారు.

ఏ నాటిక చదువుతారని అడిగాను.

ఆయన ఎంచుకున్న నాటిక రికార్డు ఇప్పుడు ఎక్కడా లేదట. రేడియోవాళ్ళే టేపు చెరిపేసి దాని మీద ఇంకేదో ఎక్కించుకున్నారు. చిన్నప్పుడు స్నేహితుడి ఇంట్లో రేడియో ముందు చతికిలబడి ఇద్దరూ ఒక్కసారే విన్నారు, ఆ తరవాత జీవితమంతా ఒకరికొకరు అప్పజెప్పుకుంటూ గుర్తుంచుకున్నారు. కథ చిన్నది. ఒక రేవులో అన్నదమ్ములిద్దరు పడవ నడుపుతుంటారు. చెరో తెడ్డూ పట్టుకుంటారు గానీ, ఎప్పుడో పోట్లాడుకుని మాటలు మానేశారు. ఒక ప్రయాణికుడు ఎక్కి ఇద్దరి మధ్య కూర్చుంటాడు. ఎడమకి లాగమని తమ్ముడితో చెప్పండి అని అన్న అంటాడు. ఎడమ ఎటో నాకు తెలుసని అన్నతో చెప్పండి అని తమ్ముడు అంటాడు. ఇలా ఆ పెద్దమనిషి బెత్తెడు దూరంలో ఉన్న ఇద్దరికీ మాటలు మోస్తూ ఉంటాడు. మూడు గొంతులూ సర్ ఒక్కరే పలకాలి.

అక్కడ వచ్చింది చిక్కు. రికార్డింగ్ కోసం యంత్రం బదులు చప్పుడు లేని సిలిండర్ పెట్టడానికి ఇద్దరం రాజీపడ్డాం. అయినా సగానికి వచ్చేసరికి ఆయన భుజాలు పైకి లేచేవి, పెదాలు నీలంగా మారేవి, ఆక్సిజన్ కొలవడానికి వేలికి పెట్టిన క్లిప్పులో అంకె దిగిపోయేది. నేను రికార్డర్ ఆపేసేదాన్ని. మధ్యలో ఆగి ఊపిరి తీసుకోండి అంటే వినరు. ఆగాల్సిన చోట తప్ప ఇంకెక్కడ ఆగినా హాస్యం చచ్చిపోతుందని ఆయన పట్టుదల. ఎన్నిసార్లు ప్రయత్నించినా పడవ నడి ఏట్లోనే ఉండిపోయేది. ఇది జరిగే పని కాదని నాకు అర్థమైంది, కానీ అప్పటికి ఆయన పట్టుదల నాకూ అంటుకుంది. అవతల ఆయన రోజురోజుకీ తగ్గిపోతున్నారని కూతురు మెసేజీలు పెడుతోంది.

మా శుక్రవారం కూడిక సమాయిల్ ఆసుపత్రిలో పనిచేసే ఒక నర్సు ఇంట్లో జరిగేది. ఆవిడ భర్త దుక్మ్‌లో, పోర్టు కడుతున్న ఒక కంపెనీలో ఫోర్‌మన్. అంత దూరం నుంచి సెలవు దొరికినప్పుడల్లా వచ్చేవాడు. ఒంగోలు మనిషి, నన్ను అక్కా అనేవాడు. మస్కట్ చర్చికి విదేశీ బోధకులు ఎవరొచ్చినా పక్కన నిలబడి తర్జుమా చేసేది అతనే. బోధకుడు చెయ్యెత్తితే తనూ చెయ్యెత్తుతాడు, గొంతు తగ్గిస్తే తనూ తగ్గిస్తాడు. కూడికలో మిగిలినవాళ్ళు ముగ్గురు నలుగురు నర్సులు, ఇళ్ళల్లో పనిచేసే కడప ఆడవాళ్ళూ గోదావరి ఆడవాళ్ళూ, సైట్లలో పనిచేసే కొందరు మగవాళ్ళు.

నేను విషయం చెబితే ముందు ఎవరికీ మింగుడు పడలేదు. శుక్రవారం, ప్రార్థన చేసుకున్న నోటితో, వెళ్ళి నవ్వడమేమిటని ఒకావిడ అడిగింది. చావుబతుకుల్లో ఉన్న మనిషి ఆఖరి కోరిక అని చెప్పాను. రోగుల్ని పరామర్శించడం మన పనే కదా అని దుక్మ్ తమ్ముడు అన్నాడు. దాంతో అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకున్నది పరామర్శకి. అందుకే మరుసటి శుక్రవారం మధ్యాహ్నం, తెల్ల చీరలు కట్టుకుని, బైబిళ్ళు ఒళ్ళో పెట్టుకుని, మరణించిన వాళ్ళ ఇంటికి వచ్చినట్టే వచ్చి సర్ ఇంటి హాల్లో కూర్చున్నారు. అర్బాబ్ కుర్చీలూ, తాగడానికి కహ్వా కాఫీ పంపించాడు. తెలుగులో కథ ముందే నాలుగు ముక్కల్లో చెప్పేశాను, మధ్యలో మాట్లాడొద్దని, నవ్వొస్తే నవ్వండని, రాకపోతే ఊరుకోమని. ఆ మొహాలు చూస్తే నాకు ఆశ చచ్చిపోయింది.

సర్ మైకు ముందు కూర్చున్నారు. నేను వెనక సిలిండర్ పక్కన, అంకె కనపడేలా నిలబడ్డాను. ఆయన ఇంగ్లీషులో అందరికీ నమస్కారం చెప్పారు.

ఆ మాట ఇంకా గాల్లో ఉండగానే, ముందు వరసలోంచి దుక్మ్ తమ్ముడు లేచాడు. చొక్కా సర్దుకున్నాడు, వెళ్ళి సర్ పక్కన చేతులు కట్టుకుని నిలబడి, “మీ అందరికీ నా హృదయపూర్వక వందనములు,” అన్నాడు. వెనక వరసలో ఎవరో అలవాటుగా స్తోత్రం అన్నారు.

కూర్చోమని నేను సైగ చేశాను. అతను నన్ను చూడలేదు. తెల్లాయన కుర్చీల ముందు నోరు తెరిచాడు, పక్కన ఎవరూ లేరు, అతను వెళ్ళాడు, అంతే. చర్చిలో పెరిగిన మా వాళ్ళకి ఇందులో వింతేమీ కనపడలేదు. పైగా అప్పుడే అందరూ కాస్త కుదుటపడి సర్దుకు కూర్చున్నారు. ఇంతసేపూ ఏదో లోటుందనుకుని, అది తీరినట్టున్నారు. సర్ మొహం ఎర్రబడింది. ఆయనకి ప్రాణమైన ఆగుళ్ళన్నీ ఇక మట్టిలో కలిసినట్టే. అయినా ఆపడానికి మనసు రాలేదేమో, అన్నగారి మొదటి మాట అనేశారు. మా దుక్మ్ తమ్ముడు తర్జుమా చేశాడు. పడవలోని తమ్ముడి మాట అన్నారు. అదీ తర్జుమా అయింది.

అప్పుడు చూశాను క్లిప్పు వంక. అంకె దిగలేదు. అతను తెలుగులో చెబుతున్నంతసేపూ సర్ ఆక్సిజన్ పీల్చుకుంటున్నారు. నేను ముందుకి వంగి ఆ అంకె ఆయనకి చూపించాను. ఆయన నా మొహం చూశారు, మా తమ్ముడి వంక చూశారు. ఆ మనిషికి తెలివి చాలా వేగం. తరవాతి మాట నుంచి తీరు మార్చేశారు. అన్నగారి మాట అనేసి, మా తమ్ముడి వైపు తిరిగి, మోసెయ్యమన్నట్టు ఎదురుచూడడం మొదలుపెట్టారు. ప్రయాణికుడి మాటలు ఆయన అనడమే మానేశారు. ఆ పడవలో మధ్యన కూర్చున్న పెద్దమనిషి ఇప్పుడు మా ఒంగోలు తమ్ముడు. ఆ సంగతి అతనికి మాత్రం తెలియదు. బోధకుణ్ణి అనుకరించే అలవాటు కొద్దీ, అన్న విసుక్కుంటే తనూ విసుక్కుంటూ, తమ్ముడు అలిగితే తనూ అలుగుతూ, చెమట తుడుచుకుంటూ భక్తిగా మాటలు మోస్తున్నాడు.

మొదట నవ్వింది కడప నుంచి వచ్చిన ఒక పనిమనిషి. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ ఆగలేదు. తరవాత అడిగితే, “మా మేడమూ, ఆయమ్మ మొగుడు బాబా గూడా ఇట్నే అక్కా. ఒకే సోఫాలో కూర్చోని, మద్దెలో నన్ను నిలబెట్టి మాట్లాడుకుంటారు. నాకు వచ్చేది రెండు అరబ్బీ ముక్కలు,” అంది. ఆవిడ నవ్వు చూసి పక్కావిడ, ఆవిణ్ణి చూసి వెనక వరస. మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకోకుండా మీ నాన్నకి చెప్పు, మీ అమ్మకి చెప్పు అనే ఇళ్ళు మనకి కొత్తా? అందరూ ఎప్పుడో ఒకప్పుడు ఆ మధ్యలో నిలబడినవాళ్ళే. సర్ తెడ్లు ఒకటికొకటి కొట్టుకున్న చప్పుడు రెండు చెంచాలతో చేశారు. పడవ తిరిగి తిరిగి ఎక్కిన రేవులోనే ఆగింది. ప్రయాణికుడు దిగి వెళ్ళిపోయాడు. అప్పుడు అన్నదమ్ములు ఇన్నేళ్ళకి మొదటిసారి ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకుంటారు. సర్ అన్నగారి గొంతుతో, ఆ మనిషి ఎంత వాగుడుకాయో చూశావా అన్నారు.

ఇంగ్లీషు బాగా వచ్చిన నర్సులు ఒక్కసారి గొల్లుమన్నారు. తర్జుమాకి నోరు తెరిచిన తమ్ముడికి ఆ మాట ఎవరి మీద పడిందో అప్పుడు తట్టింది. నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. ఆ మొహం చూసి ఇంకా నవ్వులు. అవి కాస్త తగ్గాక, ఎంతైనా మొదలుపెట్టిన పని కదా అని, “ఆ మనిషి ఎంత వాగుడుకాయో చూశావా,” అని చిన్న గొంతుతో తనూ తెలుగులో అనేశాడు. అప్పుడు మిగిలినవాళ్ళందరూ నవ్వారు. సైటులో పనిచేసే ఒక పొడుగాటి మనిషి, మొదటినుంచీ రాయిలా కూర్చున్నవాడు, అందరి కన్నా ఆఖర్న అందుకుని ఎంతకీ ఆపలేకపోయాడు. సర్ చెయ్యి మాత్రం మైకు మీద కదలకుండా ఉంది. అంకె బాగానే ఉంది. నా కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, నవ్వుకో ఏడుపుకో నేను చెప్పలేను.

అయ్యాక తమ్ముడు నా దగ్గరికి వచ్చి తల దించుకున్నాడు. “అలవాటక్కా. తెల్లాయన నోరు తెరిస్తే నా కాళ్ళు వాటంతటవే లేస్తాయి. అంతా పాడు చేశానా?” అన్నాడు. పాడు చేయలేదని, నువ్వు లేవకపోతే ఆ మనిషి సగంలోనే కూలబడేవారని చెప్పాను. అతను నమ్మలేదు.

సర్‌కి తృప్తి లేదు. వాళ్ళు నాటికకి నవ్వారా, ఆ అబ్బాయికి నవ్వారా అని వారమంతా అదే ఆలోచన. రికార్డింగ్ ఇంటర్నెట్లో పంపడానికి శనివారమంతా పట్టింది. స్నేహితుడు ఏమంటారోనని పరీక్ష రాసిన పిల్లాడిలా ఎదురుచూశారు. ఆదివారం ఫోన్ చేస్తే కూతురు ఎత్తింది, నాన్న మగతలో ఉన్నారు, మెలకువ వచ్చినప్పుడు వినిపిస్తానంది. సోమవారం, మంగళవారం కబురు లేదు.

గురువారం పొద్దున కూతురు ఒక ఫైలు పంపింది. నాన్న నిన్న సాయంత్రం చెవుల్లో వైర్లు పెట్టుకుని విన్నారని, వినేముందు ఎప్పటిలాగే రికార్డర్ నొక్కమన్నారని, ఇది ఆయన సగమని రాసింది. సర్ కంప్యూటర్ దగ్గరికి నన్నూ రమ్మని, చెవుల్లో పెట్టుకునే వైర్లలో ఒకటి నాకిచ్చి, రెండోది తను పెట్టుకున్నారు.

కాసేపు ఏమీ లేదు. ఒక గది, గడియారం చప్పుడు, ఊపిరి. తరవాత నవ్వు. చిన్నదే, గొంతులోంచి కాదు, ముక్కులోంచి వచ్చింది. మళ్ళీ ఊపిరి. కడపావిడ నవ్విన చోటే అయుండాలి, మళ్ళీ నవ్వు. సర్ కళ్ళు మూసుకుని తల ఊపుతున్నారు. నాటిక మాటలన్నీ ఆయనకి కంఠతా వచ్చు కాబట్టి, ఏ నవ్వు దేనికో ఆయనకి తెలుస్తోంది. ఆఖరి మాట దగ్గర అవతలాయన దగ్గు వచ్చేంతగా నవ్వారు. రెండోసారి, మన తెలుగు మాటకి, మళ్ళీ నవ్వారు. అర్థం తెలియకుండానే నవ్వారు.

నేను ఆ నవ్వులూ విన్నాను, వాటి మధ్య ఊపిరీ విన్నాను. ఆ ఊపిరి నాకు బాగా తెలుసు. నెమ్మదిగా మొదలై, పెరిగి పెరిగి, మళ్ళీ తగ్గి, పూర్తిగా ఆగిపోతుంది. ఇక రాదేమో అనుకున్నాక మళ్ళీ మొదలవుతుంది. అలా ఊపిరి తీసే మనిషికి మిగిలిన టైము వారాల్లో ఉండదు. ఇన్నేళ్ళ డ్యూటీలో ఆ చప్పుడు వింటే నేను ఇంటివాళ్ళని పిలిపించేదాన్ని.

సర్ చెవిలోంచి వైరు తీసి నా వైపు తిరిగారు. మొహం వెలిగిపోతోంది. “విన్నావా సిస్టర్? గట్టిగానే ఉన్నాడు. ఈ నెల తప్పకుండా దాటేస్తాడు. ఆదివారం వాడి చేతే ఒప్పిస్తాను, మా వాదంలో నేనే గెలిచానని,” అన్నారు.

ఆ సంతోషాన్ని చెడగొట్టాలనిపించలేదు. అవునని తల ఊపితే చాలు, ఆదివారం దాకా ఆయన హాయిగా ఉంటారు. కానీ ఆదివారం ఫోన్ చేసి, స్నేహితుడు పోయాడన్న మాట వింటారు. తల ఊపడం నా వల్ల కాలేదు.

“ఆదివారం దాకా ఆగొద్దు సర్. ఇప్పుడే ఫోన్ చేయండి,” అన్నాను.

ఆయన నన్ను చాలాసేపు చూశారు. నేను చూపు తిప్పుకోలేదు. ఆయన మొహంలో వెలుగు పోయింది. ట్యూబు సర్దుకుని ఫోన్ దగ్గరికి జరిగి, స్పీకర్ పెట్టి, చూడకుండానే నంబరు నొక్కారు. కూతురు ఎత్తింది. మాట్లాడలేరు, కానీ వింటున్నారనే అనుకుంటున్నానంది. చెవి దగ్గర పెట్టమ్మా అన్నారు సర్. ఆ ఊపిరి ఇప్పుడు మా గదిలోకి వచ్చింది.

వీడ్కోలు చెబుతారనుకున్నాను. చెప్పలేదు. వాదం మాట ఎత్తలేదు. మామూలు గొంతుతో, “మొదట నవ్వినావిడ గురించి చెబుతా విను,” అని మొదలుపెట్టి, నా వైపు చూశారు. ఆవిడ పేరేమిటని కళ్ళతోనే అడిగారు. నేను చెప్పాను. ఆయన ఫోన్లోకి చెప్పారు. తప్పు పలికితే దిద్దాను, మళ్ళీ సరిగ్గా చెప్పారు. ఆవిడది కడప, ఇక్కడ ఒక ఇంట్లో వంట చేస్తుంది, మొహం కొంగుతో కప్పుకుంది అన్నారు. ఆఖర్న అందుకుని ఆపలేకపోయిన పొడుగాటాయన? పేరు చెప్పాను, ఊరు చెప్పాను. వెనక వరసలో స్తోత్రం అన్నావిడ? పక్కన నిలబడి తెలుగులో చెప్పిన అబ్బాయి? ఒక్కొక్కరి పేరూ, ఊరూ, చేసే పనీ, ఎక్కడ కూర్చున్నారో, ఎలా నవ్వారో. హాల్లో నవ్విన వాళ్ళెవర్నీ ఆయన వదల్లేదు. మధ్యమధ్యలో ఆయనకి ఊపిరి అందక ఆగేవారు. అప్పుడు అవతలి ఊపిరి ఒక్కటే వినపడేది.

అందరూ అయ్యాక, “సిలిండర్ దగ్గర ఒకావిడ ఉంది. ఆవిడ నవ్వు రికార్డులో పడలేదు, మైకుకి దూరం,” అని, నా పేరు పూర్తిగా చెప్పమన్నారు. అన్నాళ్ళలో ఆయన నన్ను సిస్టర్ అనే పిలిచారు. ఇంటిపేరుతో సహా చెప్పాను. ఆయన దాన్ని నెమ్మదిగా, విడివిడిగా పలికారు.

కూతురి గొంతు వినపడింది. “నాన్న పెదాలు కదులుతున్నాయి. మీరు చెప్పినవన్నీ తిరిగి అంటున్నారు. పేర్లు అంటున్నారు,” అంది.

నేను ఆయన మంచం మీదే కూలబడి ఏడ్చాను. రోగి ముందు నేను అలా ఏడవడం అదే మొదలు. సర్ ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, రెండో చెయ్యి నా తల మీద పెట్టారు. ఫోన్ పెట్టెయ్యమని అవతలా ఎవరూ అనలేదు, ఇవతలా ఎవరూ అనలేదు. అలా ఎంతసేపు ఉన్నామో తెలియదు.

మర్నాడు పొద్దున కూతురు ఫోన్ చేసింది. నేనే ఎత్తాను. విని, ఫోన్ పెట్టి, లోపలికి వెళ్ళి సర్‌కి నేనే చెప్పాను.